శ్రావకుని వస్త్ర పరిమాణము

శ్రావకులకు విధింపబడిన పండ్రెండు వ్రతములలో అయిదవ అణువ్రతము పరిగ్రహ పరిమాణము. భూమికి, ఇంటికి, వెండి బంగారములకు, ధన ధాన్యములకు హద్దు పెట్టుకొని ఈ వ్రతము గైకొనువారు నేటికిని పెక్కుమంది కలరు. అట్టివారిని బట్టల లెక్క అడిగినచో తెల్లబోవుదురు. బీరువాలో చీరలెన్ని ఉన్నవో ఇల్లాలికి తెలియదు. చొక్కాలెన్ని ఉన్నవో యజమానికి తెలియదు. కొట్టులోని తానుల లెక్క చిట్టాకెక్కును గాని ఇంటిలోని బట్టల లెక్క ఎందునను ఎక్కదు. అంకె తెలియని వస్తువునకు హద్దు పెట్టుట ఎట్లు?

శాస్త్రకారులు బట్టలను మరువలేదు. ఉమాస్వామి తత్త్వార్థసూత్రము ఏడవ అధ్యాయమున ఈ వ్రతమునకు కలుగు అతిచారములను చెప్పుచు చివర ‘కుప్యము’ అను మాటను చేర్చెను. పూజ్యపాదాచార్యులు సర్వార్థసిద్ధి వ్యాఖ్యలో ఆ మాటకు నారబట్ట, నూలుబట్ట, పట్టుబట్ట, చందనము మొదలగునవి అని అర్థము చెప్పిరి. శ్వేతాంబర సంప్రదాయమున ఇంటి సామానులని చెప్పుదురు. ఎట్లు చెప్పినను బట్ట లెక్కకు వెలియైనది కాదు. అదే అధ్యాయమున పరిగ్రహమనగా మూర్ఛ, అనగా వస్తువుపైనుండు మమకారమని నిర్వచింపబడినది. ఉన్నదో లేదో జ్ఞాపకములేని చీరను ఇతరులకిమ్మనగనే మనసు వెనుకాడునే, అది ఆ మూర్ఛయే.

వర్తకులకు ఈ విషయమున ఉపాసకదశాంగములోని ఆనంద శ్రావకుని వృత్తాంతము చదువదగినది. ఆయన వాణిజ్యగ్రామ వాసి. నిధిలో 4 కోట్ల సువర్ణము, వడ్డీపై 4 కోట్లు, ఇంటి సంపదగా 4 కోట్లు, ఒక్కొక్కటి 10,000 గోవులు గల మందలు 4 ఆయనకుండెను. మహావీర స్వామి సన్నిధిని వ్రతములు గైకొన్నపుడు ధనమునకు తనకున్నంతకే హద్దు పెట్టుకొనెను. నాగళ్లు 500, దూరదేశములకు పోవు బండ్లు 500, ఊరి పనులకు బండ్లు 500 ఉంచుకొనెను. ఇంతవరకు చదివినవారు ఇదేమి త్యాగమని అనుకొనవచ్చును. కాని తన ఒంటికి వాడుకొను వస్తువుల దగ్గరకు వచ్చునప్పటికి ఆ లెక్క మారిపోయినది. ఒళ్లు తుడుచుకొనుటకు సువాసన గల కాషాయపు తువాలు ఒక్కటి, కట్టుకొనుటకు బట్టల జత ఒక్కటి, అంతే. పండ్లు తోముకొను పుల్ల పచ్చి అతిమధురపు పుల్ల అని కూడ ఏర్పరచుకొనెను. కోట్లకు అధిపతియైనవాడు తన తువాలును రంగుతోను, వాసనతోను చెప్పగలిగెను. కొన్నియే ఉంచుకొన్నవానికి ఒక్కొక్కదాని స్పర్శయు, వాసనయు తెలియును. నూరు ఉంచుకొన్నవానికి తెలియునది బీరువా తలుపు ఒక్కటే.

ప్రతిదినము ఉదయమున తలచుకొను చతుర్దశ నియమములలోను వస్త్రము ఒకటి. ఈ దినము ఇన్ని బట్టలకు మించి ధరింపనని అనుకొనుటయే ఆ నియమము. పిల్లలకు కూడ నేర్పదగినంత సులభమైనది.

సాధువులు, సాధ్వులు తమ బట్టలను చూచుకొను తీరు మరియొక పాఠము. శ్వేతాంబర సంప్రదాయమున దినమునకు రెండు పర్యాయములు వస్త్ర ప్రతిలేఖనము చేయుదురు. ఉత్తరాధ్యయన సూత్రము 26వ అధ్యయనమున దాని విధి ఉన్నది. తొందర కూడదు, బట్టను నలుపరాదు, గట్టిగా దులుపరాదు, వేరొక ధ్యాసతో చూడరాదు. చిన్న జీవి ఏదైన చిక్కుకొని యున్నచో దానికి హాని కలుగకుండ తప్పించుటకే ఇదియంతయు. బట్టను రెండు చేతులతో విప్పి, ఈ కొసనుండి ఆ కొసవరకు కన్నుతో చూచి, చేతితో తెలిసికొనుట ఇందు జరుగును. దిగంబర సంప్రదాయమున మునులకు వస్త్రమే లేదు. ఐలకునికి కౌపీనము మాత్రమే. క్షుల్లకునికి దానితో పాటు ఒక చిన్న ఉత్తరీయము. ఆర్యికకు ఒక్క తెల్లచీర. గృహస్థులు అంతవరకు పోనక్కరలేదు గాని సంవత్సరమునకు ఒకమారైన బీరువా అంతయు దింపి ఒక్కొక్క బట్టను ఆ విధమున చేతబట్టి చూచుటకు ఏ అడ్డును లేదు.

అట్లు చూచినపుడు చేతికి మొదట తగులునది పట్టు. కొట్టులో కూర్చున్నవారందరికిని పట్టును పరీక్షించుట తెలిసినదే. అంచునుండి ఒక పోగు లాగి నిప్పు అంటింతురు. నూలైన కాగితము కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద మిగులును. పాలిస్టరైన కరగి గట్టి ఉండ కట్టును. అసలైన పట్టైన వెండ్రుక కాలిన వాసన వచ్చును. ఆ వాసన వచ్చినదని సంతోషించి చీర అమ్మెదరు. ఆ వాసన ఎందువలన వచ్చునో ఆలోచించువారు తక్కువ. వెండ్రుక వలెనే పట్టుపోగును ఒక ప్రాణి దేహమునుండి పుట్టినదే. పురుగు చిలుకయై గూడు చీల్చుకొని వచ్చినచో పోగు తెగును. అందువలన అది రాకముందే ఆవిరితోనో వేడిగాలితోనో చంపి, గూళ్లను వేడినీటిలో వేసి దారము తీయుదురు. ఒక్క చీరకు వేల గూళ్లు కావలెను.

దీనికి మారుగా చిలుక వెడలిపోయిన తరువాత మిగిలిన గూటినుండి పోగు వడికి నేయు పద్ధతిని తెలుగుదేశపు చేనేత రంగమున పనిచేసిన కుసుమ రాజయ్య అహింసా పట్టు అను పేర ప్రచారములోనికి తెచ్చెను. దానికి 2006లో పేటెంటు లభించినది. ఆ బట్టకు తళుకు తక్కువ. తాకినచో కొంచెము గరుకుగా, నూలు వలె వెచ్చగా ఉండును. ఇది మెచ్చుకొనదగినదే. అయినను పేరు చూచి నిశ్చింతగా ఉండుట కూడ సరికాదు. ఆ చిలుక ఎగురలేదు, ఆహారము తినలేదు, కొన్ని దినములకే చచ్చును. అది పెట్టు వందల గ్రుడ్లనుండి వచ్చు పురుగులకు మల్బరీ ఆకు వేయువారెవరను ప్రశ్న మిగిలియే యున్నది.

పోనీ, నూలైన దోషము లేదందురు. శ్రీకాకుళము జిల్లా పొందూరు ఖద్దరు మెత్తదనమునకు పెట్టినది పేరు. అక్కడ దూదిని ఏకుటకు వాలుగ చేప దవడ ఎముకను వాడుదురు. ఖద్దరు కట్టు శ్రావకులలో ఈ సంగతి తెలిసినవారు ఎందరు? తెలిసినవారు కట్టవలెనా, మానవలెనా అనునది వారి వారి గురువుల నడిగి తేల్చుకొనవలసిన విషయము. అడుగుటకైన ముందు తెలియవలెను గదా.

బట్టలు ఎక్కువైనచో కలుగు హింస వేరొకటి కలదు. ఇది ప్రతి ఇంటను జరుగునదే. వారమునకు రెండు మార్లు కట్టి, ఉతికి, ఎండలో ఆరవేయు పంచెకు పురుగు పట్టదు. ఏండ్ల తరబడి చీకటిలో మడతవేసి ఉంచిన పట్టుచీరకు, ఉన్ని శాలువకు చిమ్మెట పురుగు పట్టును. గంజి పెట్టి దాచిన నూలుబట్టకు వెండి పురుగు పట్టును. అప్పుడు కలరా ఉండలు వేయుదురు. ఆ ఆవిరికి లోపలనున్న పురుగులు చచ్చును. చీమను చూచి అడుగు ప్రక్కకు వేయువారి ఇంటిలోనే బీరువాలో ఈ పని జరుగుచుండును. దాచవలసిన బట్టకు గంజి తీసివేయవలెను. వేపాకు గాని వసకొమ్ము గాని మూటకట్టి ఉంచవలెను. రెండు మూడు నెలలకొకమారు తీసి, నీడలో గాలికి ఆరవేసి, మడతలు మార్చవలెను. జరీచీర ఒకే మడతపై ఉండినచో అక్కడనే విరుగును. ఈ పని ఎన్ని చీరలకు చేయుటకు ఇల్లాలికి తీరిక కలదో అన్నియే ఆమె చీరల పరిమాణమనుకొన్నను తప్పులేదు.

మిగిలినవి ఇచ్చివేయునపుడు చిరుగులు ఏరి ఇచ్చుట దానము కాదు, ఇల్లు ఊడ్చుట. కట్టదగినవి ఇయ్యవలెను. అరిగి మెత్తబడిన నూలు పంచె పసిబిడ్డల పొత్తిగుడ్డలకు అన్నిటికంటె మేలు. కాని అట్టి పంచెను నీరు వడపోయుటకు వాడరాదు. వడపోత గుడ్డ దట్టముగా నుండవలెను. దానిని రెండు మడతలు వేసి సూర్యునికి ఎదురుగా పట్టి చూచినపుడు వెలుతురు చుక్కలు కనబడినచో దానిని మార్చవలసినదే.