హ్యాకథాన్ పనిలో ఏఐ సహాయకుడు: కార్యాలయ యువతకొక పాఠము

మగ్గపు కుటుంబములలో పుట్టి నేడు కార్యాలయములలో కొలువు చేయుచున్న యువతీయువకులు మనలో అనేకులు గలరు. షోలాపురము, భివండీలనుండి పూనాకు, సేలము, కోయంబత్తూరులనుండి బెంగుళూరుకు, బరంపురమునుండి భువనేశ్వరమునకు పోయి కంప్యూటరు పనులు నేర్చినవారున్నారు. వీరిలో పలువురు తమ కార్యాలయములలో జరుగు “హ్యాకథాన్” అను పోటీలో పాల్గొనవలసి వచ్చుచున్నది. ఆ జట్టులలో ఇప్పుడు మనుష్యులతోపాటు ఏఐ సహాయకుని కూడ కూర్చుకొనుచున్నారు. ఆ సహాయకుని చేత పని చేయించుకొను పద్ధతి తెలిసినవారికి పేరు వచ్చును. తెలియనివారు తప్పు సరుకును తమ పేరిట అప్పగించుదురు. కావున దీనిని పాఠముగా వ్రాయుచున్నాము. మగ్గముమీదనున్న పెద్దలు కూడ చదువదగును. ఇందలి మూలసూత్రములు వారికి తెలిసినవే.

1. హ్యాకథాన్ అనగా నేమి?

ఇది 1999లో వాడుకలోనికి వచ్చిన మాట. ఆ యేడు కెనడాలోని కాల్గరీ పట్టణమున ఓపెన్‌బీఎస్‌డీ అను కంప్యూటరు వ్యవస్థను తయారుచేయువారు కూడి, కలిసి పనిచేసి, ఆ కూడికకు ఈ పేరు పెట్టిరి. 24, 36 లేక 48 గంటలు గడువుండును. నలుగురైదుగురు జట్టుగా కూర్చుండి, ఒక చిక్కును తీసికొని, దానికి పనిచేయు నమూనా నొకదానిని తయారుచేసి, పరీక్షకుల యెదుట చూపవలెను. మన దేశమున ప్రభుత్వము 2017 నుండి విద్యార్థులకై స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ నడుపుచున్నది. కార్యాలయములలో ఇదే పోటీని ఉద్యోగుల నడుమ పెట్టుదురు. బహుమానముకంటె, పైయధికారుల దృష్టిలో పడి పెద్ద పని చేతికి వచ్చుటయే ఇందలి లాభము.

ఇక ఏఐ సహాయకుడు. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వెలువడిన తరువాత ఇట్టివి సామాన్యుల చేతికి వచ్చినవి. మామూలు మాటలలో అడిగిన చాలును. లేఖ వ్రాయును, లెక్క కట్టును, ప్రోగ్రాము వ్రాసి యిచ్చును. అపారమైన వ్రాతలనుండి ఏ మాట తరువాత ఏ మాట వచ్చునో నేర్చి జవాబును అల్లుట దీని పద్ధతి. అందుచేత ఒప్పు చెప్పునపుడు ఎంత ధీమాగా చెప్పునో తప్పును కూడ అంత ధీమాగానే చెప్పును. ఈ యొక్క సంగతి మరువనివానికి సగము పాఠము వచ్చినట్లే.

2. పరిశోధనలు చెప్పునదేమి?

ప్రోక్టర్ అండ్ గాంబుల్ సంస్థలో 776 మంది ఉద్యోగులతో 2024లో ఒక పరీక్ష జరిగినది. క్రొత్త సరుకులనుగూర్చి ఒక్క దినములో ఉపాయము పన్నవలెను. హ్యాకథాన్‌కు దగ్గరి పని. ఏఐ తోడున్న ఒక్క మనిషి, ఏఐ లేని ఇద్దరి జట్టుకు సమానముగా పని చూపెను. మిక్కిలి మేలైన ఉపాయములు ఏఐ తోడున్న జట్లనుండి ఎక్కువగా వచ్చెను. అంతేగాక, ఏఐ లేనపుడు సాంకేతికులు సాంకేతిక ఉపాయములనే, వ్యాపార విభాగమువారు వ్యాపార ఉపాయములనే చెప్పిరి. ఏఐ ఉన్నపుడు ఇరువురి ఉపాయములలోను రెండు పాళ్లును కలిసినవి.

ప్రోగ్రాము వ్రాయు పనిలో రెండు విధముల ఫలితములు గలవు. గిట్‌హబ్ కోపైలట్ వాడినవారు ఒక చిన్న క్రొత్త ప్రోగ్రామును 55.8 శాతము తక్కువ కాలములో ముగించిరని 2023లో ప్రకటించిరి. 2025లో మెటర్ అను సంస్థ వేరొక పరీక్ష చేసెను. అనుభవజ్ఞులైన 16 మంది, తాము బాగుగా ఎరిగిన పెద్ద పాత ప్రోగ్రాములలో 246 పనులు చేసిరి. ఏఐ వాడినపుడు వారికి 19 శాతము ఎక్కువ కాలము పట్టెను. వారు మాత్రము 20 శాతము త్వరగా ముగించితిమని తలచిరి!

ఈ రెండును పొందుపడనివి కావు. క్రొత్త బట్ట నేయుట వేరు, పాత బట్టకు రఫూ చేయుట వేరు. రఫూ చేయువానికి ఆ బట్టలోని ప్రతి పోగు ఎటు పోవుచున్నదో తెలిసియుండవలెను. హ్యాకథాన్ పని చాలవరకు క్రొత్త బట్ట, కావున లాభముండును. సంస్థయొక్క పాత ప్రోగ్రామునకు అతుకు వేయవలసిన చోట మాత్రము జాగ్రత్త వలెను. “త్వరగా పోవుచున్నాము” అను తలపును నమ్మక, గడియారమును చూచుట మేలు.

3. పని పంపకము

మన యింట ఒకరు కండెలు చుట్టుదురు, ఒకరు అచ్చు అతుకుదురు, అంచు రంగులు పెద్దలు నిర్ణయింతురు. కండెలు చుట్టువానికి అంచు నిర్ణయము అప్పగింపము. చింతకింది మల్లేశముగారు ఆసు పోయుటలో తల్లి పడు భుజపు నొప్పి చూడలేక ఆసు యంత్రమును కనిపెట్టి, 2017లో పద్మశ్రీ పొందిరి. చేయి అటునిటు తిరుగు శ్రమను యంత్రము తీసికొన్నది. ఏ డిజైను వేయవలెనను సంగతి నేతగానివద్దనే నిలిచినది. హ్యాకథాన్‌లోను పంపకము ఇట్లే యుండవలెను.

సహాయకునికి ఇవ్వదగినవి: ప్రోగ్రాముయొక్క మొదటి చిత్తు, కల్పిత నమూనా లెక్కలు, తప్పు ఎక్కడ వచ్చినదో వెదకుట, పరీక్షలు వ్రాయుట, ప్రదర్శనకు చిత్తుప్రతి.

మనుష్యులు చేయవలసినవి: చిక్కును ఎంచుకొనుట, దానిని అనుభవించువారిని అడిగి తెలిసికొనుట, జవాబును సరిచూచుట, పరీక్షకులకు సమాధానము చెప్పుట.

24 గంటల పోటీయైనచో మొదటి గంటలో యంత్రమును తెరువవద్దు. ప్రతివారును తమ ఆలోచనను కాగితముపై వ్రాయవలెను. యంత్రము జవాబు ముందు చూచినచో అందరి బుద్ధియు ఒకే దారిని పట్టును. జట్టులో ఒకరిని తనిఖీదారుగా నియమింపుడు. చివరి నాలుగు గంటలలో క్రొత్త భాగమేదియు చేర్చక, ఉన్నదానిని పరీక్షింపుడు.

4. ఒక ఉదాహరణ

ఒక వస్త్ర వ్యాపార సంస్థ హ్యాకథాన్ పెట్టెననుకొందము. నూలు ఎంత కావలెనో చెప్పు ప్రోగ్రాము చేయవలెను. పడుగు పొడవు 100 మీటర్లు, పోగులు 4,000, నూలు రెండు పేటల 80 నంబరు, అనగా 2/80.

మొత్తము పోగు 4,00,000 మీటర్లు. చిలపకు 840 గజములు, అనగా సుమారు 768 మీటర్లు. కావున 521 చిలపలు. సహాయకుడు 2/80ని ఒంటి 80గా తీసికొని 80చే భాగించినచో ఆరున్నర పౌన్లు, అనగా 2.95 కిలోలు వచ్చును. ప్రోగ్రాము తప్పులేక నడచును, తెర అందముగా నుండును. కాని రెండు పేటలు పురిపెట్టిన నూలు 40 నంబరుతో సమానము. నిజముగా కావలసినది 5.9 కిలోలు, తరుగు దానిపై అదనము. ఆ లెక్క నమ్మి నూలు తెచ్చినవానికి సగములో పడుగు ఆగిపోవును.

ఈ తప్పును పట్టుకొనువారెవరు? కంప్యూటరు చదువు మాత్రమే ఉన్నవారు పట్టలేకపోవచ్చును. మగ్గపు యింట పెరిగిన పిల్ల చూచినంతనే “ఇంత తక్కువా?” అనును. ఇంటి విద్య కార్యాలయములో విలువకు వచ్చు చోటిది. సహాయకునికి ముందుగానే “2/80 అనగా రెండు పేటలు, తుది నంబరు 40” అని చెప్పి, చేతితో కట్టిన ఒక లెక్కను సరిచూచుటకు ఇచ్చినచో ఈ పొరపాటు తొలగును.

5. జాగ్రత్తలు

మొదటిది, రహస్యము. 2023లో శాంసంగ్ ఉద్యోగులు కొందరు సంస్థ ప్రోగ్రామును చాట్‌జీపీటీలో పెట్టగా, ఆ సంస్థ అట్టి సాధనముల వాడుకను నిషేధించెను. సంస్థ అనుమతించిన సాధనమునే వాడుడు. ఖాతాదారుల పేర్లు, ధరలు పెట్టకుడు. ఇంటి పాత అంచుల నమూనాలును ఇట్లే. పెద్దల నడుగక ఎక్కింపవద్దు.

రెండవది, రుజువు. 2023లో న్యూయార్కు న్యాయస్థానము, ఏఐ కల్పించిన లేని తీర్పులను ఉదాహరించిన న్యాయవాదులకు 5,000 డాలర్ల జరిమానా వేసెను. యంత్రముపై జరిమానా పడలేదు. సంతకము చేసినవాడే బాధ్యుడు.

మూడవది, నిజాయితీ. ఏ భాగమును యంత్రము వ్రాసినదో అడిగినపుడు దాచక చెప్పుడు. మీరు విప్పి చెప్పలేని ముక్క మీ నమూనాలో ఉండరాదు.

6. ముగింపు

ఒక్కడే ఇద్దరి పని చేయగలిగినపుడు రెండవవాని గతి యేమని పెద్దలు అడుగవచ్చును. మరమగ్గములు వచ్చినపుడు చేతిమగ్గపు ఇండ్లు పడిన కష్టమెరిగినవారికి ఈ ప్రశ్న సహజము. భయము లేదని చెప్పుట బూటకమగును. అయితే యంత్రము చేతికిచ్చిన బట్టలో తెగిన పోగును చూపగలవాడు, ఈ బట్ట ఎవరికి కావలెనో ఎరిగినవాడు ఏ జట్టుకైనను కావలసినవాడే. మన పిల్లలు ఆ నేర్పును అభ్యసింతురుగాక.

అభ్యాసము

1. పై లెక్కను 2/60 నూలుతో చేతితో కట్టి, తరువాత సహాయకుని అడిగి, రెండింటిని పోల్చుడు.
2. మీ కార్యాలయపు పనులలో “కండెలు చుట్టుట” వంటివి మూడు, “అంచు నిర్ణయము” వంటివి మూడు వ్రాయుడు.
3. ఏఐ సాధనములనుగూర్చి మీ సంస్థ నియమములేమో తెలిసికొని ఇంటివారికి చదివి వినిపింపుడు.