డబ్బు పోయిందని ఫోన్ ఫార్మాట్ చేయించకండి

ఈ మధ్య నా దగ్గరికి వస్తున్న సైబర్ మోసం కేసుల్లో ఎక్కువ భాగం ఒకే తీరుగా ఉంటున్నాయి. వాట్సాప్‌లో, అదీ తెలిసినవాళ్ల నంబరు నుంచే, ఒక ఫైలు వస్తుంది. ఆర్‌టీఓ చలాన్ అనో, పీఎం కిసాన్ అనో, పెళ్లి శుభలేఖ అనో పేరుంటుంది. పేరు చివర చుక్క, దాని పక్కన ఏపీకే. నొక్కితే యాప్ ఎక్కుతుంది, మెసేజ్‌లు చదవడానికి అనుమతి అడుగుతుంది, మనవాళ్లు చూడకుండానే ఒప్పేసుకుంటారు. ఇక బ్యాంకు పంపే ఓటీపీ మనం చదవకముందే దొంగకు చేరుతుంది. తెల్లారేసరికి ఖాతా ఖాళీ. అదే ఫైలు మన పేరుతో మన బంధువులకూ వెళ్లిపోతుంది.

డబ్బు దొంగ తీసుకుపోయాడు, సరే. కేసును మాత్రం మన చేతులతో మనమే పాడుచేసుకుంటున్నాం. మోసం జరిగిందని తెలియగానే దాదాపు ప్రతి ఇంట్లో చేసే మొదటి పని సెల్ షాపుకెళ్లి ఫోన్ ఫార్మాట్ చేయించడం.

మొన్న జగిత్యాల వైపు నుంచి వచ్చిన రిటైర్డ్ టీచరుదీ ఇదే కథ. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో నాలుగున్నర లక్షలు పోయాయి. కొడుకు ఆ రోజే ఫోన్ రీసెట్ చేయించాడు. తర్వాత బ్యాంకు నుంచి ఉత్తరం: ఓటీపీ మీ రిజిస్టర్డ్ నంబరుకే వెళ్లింది కాబట్టి మీరే ఎవరికో చెప్పి ఉంటారు, మాకు బాధ్యత లేదు. "వకీల్ సాబ్, నాకు అసలు ఫోనే రాలే. ఓటీపీ ఎవ్వరికీ చెప్పలే" అంటాడు పెద్దాయన. ఆయన మాట నేను నమ్ముతాను. ఓటీపీని దొంగిలించిన యాప్ ఆ ఫోన్‌లోనే ఉంది. దాన్ని ఐదు వందలిచ్చి చెరిపించేశారు. ఇప్పుడు వినియోగదారుల కమిషన్ ముందు ఏం పెట్టమంటారు?

చట్టం మనవైపు లేకపోలేదు. రిజర్వ్ బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక బయటివాళ్ల వల్ల జరిగితే, లావాదేవీ గురించి బ్యాంకు సమాచారం అందాక 3 పనిదినాల్లో ఫిర్యాదు చేసినవారికి పైసా నష్టం ఉండకూడదు. 4 నుంచి 7 పనిదినాల మధ్య చెబితే మామూలు సేవింగ్స్ ఖాతాదారు భరించాల్సింది గరిష్ఠంగా 10,000. అది దాటితే ఆ బ్యాంకు బోర్డు విధానం ఎలా ఉంటే అలా. ఫిర్యాదు అందిన 10 పనిదినాల్లో ఆ సొమ్మును ఖాతాలో చూపించాలి. ఖాతాదారుదే తప్పని రుజువు చేయాల్సిన భారం బ్యాంకుదే. ఈ చివరి వాక్యాన్ని మన బ్రాంచి మేనేజర్లలో ఎంతమంది చదివారో నాకు అనుమానమే. రుజువు భారం తమ మీదే ఉందని తెలిసినవారు "చెప్పి ఉంటారు" అని ఉత్తరాలు రాయరు.

అదే ఉత్తర్వులో ఇంకో సంగతి కూడా ఉంది. ఖాతాదారు నిర్లక్ష్యం వల్ల పోతే, బ్యాంకుకు చెప్పేదాకా పోయినదంతా ఆయన నెత్తినే. చెప్పిన తర్వాత పోయేది బ్యాంకుది. అందుకే అసలు పోరాటమంతా నిర్లక్ష్యం అనే మాట చుట్టూ జరుగుతుంది. యాప్ ఎక్కించడమే నిర్లక్ష్యమని బ్యాంకులు వాదిస్తాయి. గువాహటి హైకోర్టు నుంచి వెళ్లిన ఒక కేసులో ఖాతాదారు కస్టమర్ కేర్ పేరుతో ఫోన్ చేసినవాడి మాట నమ్మి యాప్ ఎక్కించుకున్నాడు, 94 వేల చిల్లర పోయింది. 24 గంటల్లోపే ఫిర్యాదు చేశాడు. హైకోర్టు బ్యాంకునే కట్టమంది. స్టేట్ బ్యాంక్ సుప్రీంకోర్టుకు వెళితే 2025 జనవరిలో అక్కడా చుక్కెదురైంది. అంటే యాప్ ఎక్కించినంత మాత్రాన దారులన్నీ మూసుకుపోవు. ఏం జరిగిందో చూపించగలగాలి. చూపించాలంటే ఫోన్ ఉండాలి.

కాబట్టి ఫార్మాట్ చేయకండి. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి వైఫై ఆపండి. సిమ్ తీసి మామూలు బటన్ ఫోన్‌లో వేయండి, బ్యాంకు మెసేజ్‌లు అందులోకి వస్తాయి. కాల్స్ ఎటైనా మళ్లించి ఉంటే ఆ మళ్లింపు రద్దు కావడానికి ##002# డయల్ చేయండి. పాత ఫోన్ తెరమీద కనిపించే మెసేజ్‌ను, ఫైలు పేరును, సమయాన్ని వేరే ఫోన్‌తో ఫొటో తీసుకోండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. కానీ 1930కి చెప్పాం కదా అని బ్యాంకును వదిలేయకండి. 3 పనిదినాల లెక్క బ్యాంకుకు తెలియజేసినదాన్ని బట్టే నడుస్తుంది. బ్యాంకుకు రాతపూర్వకంగా ఇచ్చి ఫిర్యాదు నంబరు తీసుకోండి. వాళ్ల ఫారంలో "ఓటీపీ పంచుకున్నాను" అన్నచోట ముందే టిక్ పెట్టి ఉంటే, మీరు పంచుకోకపోతే, సంతకం చేయకండి. పంచుకుని ఉంటే దాచకండి, వకీలుకైనా నిజం చెప్పండి.

1930 రసీదు ఎఫ్ఐఆర్ కాదు. "మా పరిధి కాదు, సైబర్ స్టేషన్‌కు పొండి" అని ఇప్పటికీ పంపించేస్తున్న ఎస్‌హెచ్ఓలకు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ గుర్తుచేయాల్సి రావడం విచారకరం. నేరం ఎక్కడ జరిగినా సమాచారం తీసుకోవాల్సిందే. ఫోన్ స్వాధీనం చేసుకుంటే పంచనామాలో దాని వివరాలు, హ్యాష్ విలువ (డేటా మారలేదని చూపే సంఖ్య) రాయమని అడగండి. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో అది కావాలి.

కంప్యూటర్ల విషయంలోనూ ఇదే మాట. ఫైళ్లన్నిటికీ తాళం వేసి డబ్బడిగే వైరస్ పడగానే ఆడిటర్ ఆఫీసులు, చిన్న ఆసుపత్రులు హార్డ్ డిస్క్ తుడిపించేస్తున్నాయి. నెట్ కేబుల్ పీకి డిస్క్‌ను పక్కన పెట్టండి, కొత్త డిస్క్ మీద పని నడుపుకోండి. 2017 మేలో వాన్నాక్రై అనే ఇలాంటి వైరస్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లకే సోకింది. దానికి విరుగుడు అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ఇచ్చింది. అప్‌డేట్లు వాయిదా వేయకండి. నెట్‌కు తగిలించని బ్యాకప్ ఒకటి ఉంచుకోండి. ఫోన్ సెట్టింగ్స్‌లో తెలియని యాప్‌ల ఇన్‌స్టాలేషన్ అనుమతి తీసేయండి. ప్రభుత్వం చలాన్‌ను యాప్ ఫైలుగా వాట్సాప్‌లో పంపదు, పంపినట్టు కనిపించినా తెరవకండి.

టీచరు కేసులో కాస్త ఆశ ఉంది. ఆ ఫైలు వచ్చింది పెన్షనర్ల వాట్సాప్ గ్రూపులోకి. గ్రూపులో ఇంకొకాయన ఫోన్‌లో ఆ మెసేజ్, ఫైలు తెరవకుండా అలాగే ఉన్నాయి. దాన్ని నిపుణుడి పరీక్షకు ఇచ్చాం, మెసేజ్‌లు చదివి బయటికి పంపే యాప్ అని నివేదిక వచ్చింది. అయితే అదే యాప్ పెద్దాయన ఫోన్‌లోనూ ఉండేదని ఇంకా రుజువు చేయాలి. రీసెట్ చేయించకపోయి ఉంటే ఈ మెట్టే ఉండేది కాదు. కొడుకును, సెల్ షాపు కుర్రాణ్ని సాక్షులుగా పిలవమని దరఖాస్తు వేశాను, వచ్చే వాయిదాకు విచారణ ఉంది.