పీతబుద్ధి – దాసోహభావము

ఫిలిప్పీన్సు దేశీయులు తమలోని యసూయకు తామే ‘ఉతక్ తలంకా’, అనగా పీతబుద్ధి, యని పేరిడిరి. పీతలబుట్టకు మూత యక్కఱలేదు. పైకి ప్రాకుదానిని క్రిందివి లాగును. అయినను పీత యూతకై పట్టుకొనును. ఎఱిగి లాగువాడు మనుజుడే.

ఆ దేశపు పల్లెలలోనే ‘బాయానిహన్’ అను పూర్వాచారము కలదు. ఇల్లు మార్చుకొను కుటుంబమునకై ఇరుగుపొరుగువారు ఆ వెదురుటింటినే బొంగులపై నెత్తి, భుజములపై మోసెడివారు. కూలి కోరరు, ఇంటివారు వారికి భోజనము పెట్టెడివారు. లాగు చేతులును, మోయు భుజములును ఒక్క జాతివే.

12వ శతాబ్దమున కల్యాణమందు బసవేశ్వరుడు కాయకమును, దాసోహమును జంటగా బోధించెను. కాయకఫలము దాసోహమైనచో తోటివాని వృద్ధి యెల్లరకు ప్రసాదమగును. అచట నసూయకు తావెక్కడిది? శరణుడు పొరుగువాని యింటికి భుజమొడ్డవలెను.