ముందు గది, తర్వాతే మైకు

అమ్మలూ,

నువ్వు చీటీ పాడేసి, ఆ డబ్బంతా పెట్టి ఖరీదైన కండెన్సరు మైకు కొనబోతున్నావని నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అప్పట్నుంచీ నా మనసు మనసులో లేదు. పాడొద్దనడం లేదు తల్లీ. నీ పాటకి అడ్డుచెప్పే నోరు మనింట్లో ఎవరికీ లేదు. కొనేముందు ఒక్కమాట విను.

నీ గది మధ్యలో నిలబడి ఒకసారి గట్టిగా చప్పట్లు చరుచు. వెనకాలే గంగుమని మోత వస్తుంది చూడు. టైల్సు నేల, బోడి గోడలు, అద్దాల కిటికీ ఉంటే రాక ఏమవుతుంది? అందులో లక్ష రూపాయల మైకు పెట్టినా ఆ మోతని ఇంకా స్పష్టంగా పట్టి ఇస్తుంది. నీ గొంతుతోపాటు పక్కింటి కుక్కరు కూతా, ఫ్యాను గాలీ, కింద ఆగిన ఆటో చప్పుడూ అన్నీ ఎక్కుతాయి.

1974లో నాటకం కోసం విజయవాడ ఆకాశవాణి స్టూడియోలో మొదటిసారి అడుగుపెట్టాను. బరువైన తలుపు మూసుకోగానే నా ఊపిరి నాకే వినిపించింది. గోడలనిండా చిల్లుల పలకలు, కింద తివాచీ. కాగితం తిప్పితే గలగలమంటుందని, చదివిన పేజీని మెల్లగా పక్కకి జార్చమనేవారు. బయటికొచ్చి బందరు రోడ్డు మీద టీ తాగుతుంటే, నాతో వేషం వేసిన పెద్దాయన, "సగం పని గోడలే చేస్తాయిరా" అన్నాడు. టీ డబ్బులు కూడా ఆయనే ఇచ్చాడు.

ఆ మాట విన్నవాణ్ణే, ఇంట్లో మర్చిపోయాను. మీ నాయనమ్మ పాడిన మంగళహారతిని నేను క్యాసెట్టుకి ఎక్కించిన సంగతి నీకు తెలిసిందే. వసారాలో టేబుల్ ఫ్యాను ఆపాలని ఆ రోజు నాకు తట్టలేదు. మంగళహారతి మొదలంతా ఆ గరగరలోనే పోయింది. ఆ గొంతు మళ్ళీ ఎక్కడినుంచి తేను?

అందుకని ముందు గది చూసుకో. బీరువా తలుపులు బార్లా తీసి పెట్టు, చీరల దొంతర్లు మోతని మింగుతాయి. నీ వెనకా పక్కలా తాళ్ళు కట్టి బొంతలు వెయ్యి. మైకు ముఖం నీ వైపు, వీపు కిటికీ వైపు ఉండాలి. గోడకి అంటించే పల్చటి ఫోము పలకల మీద డబ్బు తగలెయ్యకు. అవి బయటి చప్పుడుని ఆపవు, లోపలి మంద్రస్థాయి మోతనీ తగ్గించవు. తెల్లవారుజామున ఫ్యాను ఆపి పాడుకో. అలాగని నిద్ర మానుకోకు. వేళకి అన్నం తింటున్నావా?

ఇక సరంజామా. మొదట డైనమిక్ మైకు చాలు. ష్యూర్ వాళ్ళ ఎస్ఎం58 1966 నుంచీ ఉంది, బాగా దగ్గరగా పాడితే గది గోల తక్కువ వింటుంది. రెండు ఇన్‌పుట్లున్న ఆడియో ఇంటర్‌ఫేస్ తీసుకో, నీ స్నేహితురాలి వయొలిన్‌కి రెండోది పనికొస్తుంది. దానికి 48 వోల్టుల సరఫరా ఉందో లేదో చూడు, రేపు కండెన్సరు కొంటే అది కావాలి. చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు తీసుకో, లేకపోతే శ్రుతి కారి మైకులో పడుతుంది. రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ ఉచితమే. తారస్థాయిలో పాడినా మీటరు మైనస్ 12 డెసిబెల్సు దాటకుండా చూసుకో.

మీ పెద్దమ్మ రెండు బొంతలు ఉతికి ఎండేసింది. ఆదివారం బస్సుకి నేనే తెస్తాను. అప్పటిదాకా ఎవరికీ డబ్బు కట్టకు.

ఇట్లు,
పెదనాన్న