ఫిల్మ్స్ డివిజన్: సర్కారు సొమ్ముతో నడిచిన చిత్ర నిర్మాణ సంస్థ

సోలాపూర్ తూర్పు భాగంలో, పవర్‌లూమ్ చప్పుళ్ల మధ్య ఎంపీఎస్సీకి చదువుతున్న పద్మశాలి పిల్లలు ఈ అంశాన్ని ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. ఒకప్పుడు అసలు సినిమాకు ముందు తెరమీద వచ్చిన వార్తాచిత్రం గురించి తాతయ్యనో నానమ్మనో అడగండి. ఊళ్లో వరద, కొత్త డ్యామ్, నెహ్రూ పర్యటన, చివర్లో క్రికెట్, తర్వాతే హీరో. ఆ రీళ్లు ముంబై ఫిల్మ్స్ డివిజన్‌వి.

దీని మూలం యుద్ధకాలంలో ఉంది. 1943లో బ్రిటిష్ ప్రభుత్వం ఇన్ఫర్మేషన్ ఫిల్మ్స్ ఆఫ్ ఇండియాను పెట్టి, ఆమోదించిన చిత్రాలను 2,000 అడుగుల వరకు ప్రతి థియేటరూ వేయాలని నిబంధన తెచ్చింది. 1946లో అది మూతపడింది. స్వతంత్ర భారత ప్రభుత్వం 1948లో ఫిల్మ్స్ డివిజన్‌ను నెలకొల్పి, తప్పనిసరి ప్రదర్శన పద్ధతినీ కొనసాగించింది. తెలుగుతో సహా అనేక భాషల్లో వ్యాఖ్యానం ఉండేది.

ఈ సంస్థ ప్రచారమే చేసిందనుకుంటే అన్యాయం. 1967లో దీని కోసం చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ తీసిన 'త్రూ ది ఐస్ ఆఫ్ ఎ పెయింటర్' బెర్లిన్‌లో లఘుచిత్రాల గోల్డెన్ బేర్ గెలిచింది. అదే ఏడాది ఎస్.ఎన్.ఎస్. శాస్త్రి 'ఐ యామ్ 20'లో స్వతంత్ర భారతంతో పాటు పుట్టిన యువతను మాట్లాడించారు, తప్పక చూడండి. కెనడాలో ఇలాగే సర్కారు సొమ్ముతో నడిచే నేషనల్ ఫిల్మ్ బోర్డు 1939లోనే వచ్చింది.

2022 మార్చి ఉత్తర్వుతో ఫిల్మ్స్ డివిజన్ బాధ్యతలు జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ)కి వెళ్లాయి.

తికమక పడకండి, ఈ రెండూ ఫిల్మ్స్ డివిజన్‌వి కావు: సోలాపూర్‌లో పుట్టిన డాక్టర్ కోట్నీస్‌పై 1946లో వచ్చిన చిత్రం దర్శకుడు వి. శాంతారామ్ సొంత సంస్థ రాజ్‌కమల్ కళామందిర్‌ది. గోరేగావ్ ఫిల్మ్ సిటీ 1977లో మహారాష్ట్ర ప్రభుత్వం స్థాపించినది.