హార్డ్ డిస్క్ నత్తనడక నడిస్తే ఎవరిని అడగాలి?

పెళ్లి వీడియోలు, పిల్లల ఫొటోలు, పాత ఫోన్లలోంచి దింపుకున్నవి అన్నీ కలిపి 400 జీబీ. కొత్తగా కొన్న ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ పెట్టి ఒక గృహిణి వంటింట్లోకి వెళ్లిందనుకుందాం. గంట తర్వాత వచ్చి చూస్తే తెరమీది ఆకుపచ్చ గీత మూడో వంతు కూడా దాటలేదు. వేగం సెకనుకు 34 ఎంబీ. డబ్బా మీద మాత్రం ‘5 జీబీపీఎస్’ అని పెద్ద అక్షరాల్లో ఉంది. మర్నాడు దుకాణానికి వెళ్తే కౌంటర్ దగ్గరి కుర్రాడు బిల్లు వంక కూడా చూడడు. “హార్డ్ డిస్కులన్నీ అంతే మేడమ్. వారంటీ కంపెనీది, మాకు సంబంధం లేదు. సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి” అంటాడు.

ఈ జవాబు విని ఇంటిదారి పట్టేవాళ్లే ఎక్కువ. అయిదారు వేల వస్తువు కోసం కోర్టుల చుట్టూ ఎవరు తిరుగుతారని ఊరుకుంటారు. ఊరుకోనక్కర్లేదు. కాకపోతే దుకాణదారుతో మాటకు మాట పెట్టుకునే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. జాప్యం డిస్క్ వల్లనా, ఇంట్లోని కంప్యూటర్ వల్లనా? ఇది తేల్చుకుని అంకెలతో వెళ్లిన మనిషికి ఉండే బలం, “స్లోగా ఉందండీ” అని వెళ్లిన మనిషికి ఉండదు. లోపం ఉందని చూపించాల్సిన బాధ్యత మొదట ఫిర్యాదుదారు మీదే ఉంటుంది మరి.

చట్టం దేన్ని లోపం అంటుంది?

వినియోగదారుల రక్షణ చట్టం–2019 మరుసటి ఏడాది జులై 20 నుంచి అమల్లోకి వచ్చింది. వస్తువు నాణ్యతలో, పరిమాణంలో, సామర్థ్యంలో, ప్రమాణంలో ఏ కొరత ఉన్నా లోపమేనని సెక్షన్ 2(10) చెబుతోంది. ఆ ప్రమాణం చట్టం పెట్టిందైనా కావచ్చు, ఒప్పందంలో ఉన్నదైనా కావచ్చు, వ్యాపారి తన సరుకు గురించి ఏ రూపంలోనైనా చెప్పుకున్నదైనా కావచ్చు. కొనేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఈ చివరి మాట. డబ్బా మీది అంకె, వెబ్‌సైట్‌లోని వివరాల పట్టిక, దుకాణదారు పంపిన వాట్సాప్ సందేశం ఇవన్నీ ‘చెప్పుకున్న’ వాటి కిందికే వస్తాయి.

అయితే డబ్బా మీది 5 జీబీపీఎస్ అనేది డిస్క్ వేగం కాదు. కంప్యూటర్‌కూ డిస్క్‌కూ మధ్య ఉన్న యూఎస్‌బీ 3.0 దారి ఎంత వెడల్పో చెప్పే లెక్క అది. పైగా అది బిట్లలో ఉంటుంది. తెరమీద కనిపించే ఎంబీలు బైట్లు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్. లోపల పళ్లెం తిరిగే మామూలు పోర్టబుల్ హార్డ్ డిస్క్ సెకనుకు 100 ఎంబీ పైచిలుకు ఇస్తే ఆరోగ్యంగా ఉన్నట్టే. ఆరు వరసల రోడ్డు వేసినా ఆటో తన వేగంతోనే వెళ్తుంది. అందుకే “5 జీబీపీఎస్ రావట్లేదు” అని రాసిన ఫిర్యాదు నిలవడం కష్టం. “సరైన కేబుల్‌తో రెండు కంప్యూటర్లలో పరీక్షించాను, రెండుచోట్లా 12 ఎంబీ దాటలేదు” అని రాస్తే అవతలివాళ్లు జవాబు చెప్పాల్సి వస్తుంది.

ఇంట్లోనే అరగంట పరీక్ష

ముందు చూడాల్సింది కేబుల్. చాలా పోర్టబుల్ డిస్కులకు సాకెట్ వెడల్పుగా, మధ్యలో నొక్కుతో రెండు భాగాలుగా ఉంటుంది. అందులో పెద్ద భాగంలోకి పాత ఫోన్ చార్జర్ కేబుల్ చక్కగా దూరిపోతుంది. లైటు వెలుగుతుంది, ఫైళ్లు కనిపిస్తాయి, అంతా బాగున్నట్టే ఉంటుంది. కానీ ఆ కేబుల్‌లో ఉన్నవి యూఎస్‌బీ 2.0 తీగలే. దాని హద్దు 480 ఎంబీపీఎస్, అంటే లెక్క ప్రకారం సెకనుకు 60 ఎంబీ. వాడకంలో వచ్చేది 30 నుంచి 40. ఆ గృహిణి చూసిన 34 ఇక్కడి నుంచే వచ్చి ఉండొచ్చు. డబ్బాలో వచ్చిన కేబుల్‌నే వాడి, కంప్యూటర్‌లో యూఎస్‌బీ 3.0 పోర్టుకు కలిపితే అదే 400 జీబీ గంటా గంటంబావులో అయిపోతుంది. చాలా కంప్యూటర్లలో ఆ పోర్టు లోపల నీలం రంగు ప్లాస్టిక్ ముక్క కనిపిస్తుంది.

తర్వాత ఫైళ్ల సంగతి. ఒక్క పెద్ద సినిమా ఫైలు కాపీ అయినంత చురుగ్గా వేలాది చిన్న ఫొటోలు కావు. ఒక్కో ఫైలుకు డిస్క్‌లోని ముల్లు చోటు వెతుక్కుంటూ పోవాలి, యాంటీవైరస్ ఒక్కోదాన్నీ తెరిచి చూడాలి. అందుకని పరీక్షకు అయిదు జీబీకి తగ్గని ఒకే ఫైలు వాడాలి. డిస్క్ దాదాపు నిండిపోయినా వేగం పడిపోతుంది.

ఆ తర్వాత డిస్క్ ఆరోగ్యం. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ డిస్క్ తన గురించి తాను రాసుకున్న చిట్టాను చూపిస్తుంది. అందులో రీఅలొకేటెడ్ సెక్టార్స్, పెండింగ్ సెక్టార్స్ పెరుగుతుంటే పళ్లెం మీద చోట్లు చెడిపోతున్నట్టు. సీఆర్‌సీ ఎర్రర్ల లెక్క పెరుగుతుంటే అనుమానం కనెక్షన్ మీదికి పోవాలి. టక్కుటక్కుమని చప్పుడు వస్తుంటే ఇక పరీక్షలు ఆపేసి, ముఖ్యమైన ఫైళ్లను వెంటనే మరోచోటికి కాపీ చేసుకోవాలి.

ప్రతి పరీక్షకూ తేదీ, ఏ కంప్యూటర్, ఏ కేబుల్, ఎంత వేగం అన్నది ఒక కాగితం మీద రాసి, తెర ఫొటో తీసి పెట్టుకోవాలి. దుకాణంలో, వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో, వినియోగదారుల కమిషన్‌లో అడిగే మొదటి ప్రశ్నకు జవాబు ఆ కాగితమే.

డబ్బా మీద చెప్పని సంగతి

కేబుల్ మంచిదే, పోర్టు మంచిదే, డిస్క్ ఆరోగ్యంగానే ఉంది. అయినా పెద్ద కాపీ పెడితే మొదట పరుగెత్తి, తర్వాత చతికిలబడుతుంది. దీనికి తరచూ కారణం ఎస్‌ఎంఆర్ అనే రాత పద్ధతి. పెంకుటింటి మీద ఒక పెంకు అంచు మీదికి ఇంకో పెంకు వచ్చినట్టు, ఇందులో ఒక రాత వరస మీదికి ఇంకో వరస కొంత ఎక్కి ఉంటుంది. అదే పళ్లెంలో ఎక్కువ డేటా పడుతుంది, ధర తగ్గుతుంది. కానీ మధ్యలో ఒక పెంకు మార్చాలంటే దాని పైవాటిని కూడా తీసి మళ్లీ వేయాలి. నిరంతరం రాసే పనిలో వేగం కుప్పకూలేది అందుకే. ఇది లోపం కాదు, ఒక రకం తయారీ. కొనేవాడికి ఆ మాట చెప్పకపోతేనే చిక్కు.

2020 ఏప్రిల్‌లో అచ్చం ఇదే జరిగింది. ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో నెట్‌వర్క్ నిల్వ కోసం అమ్మిన డబ్ల్యూడీ రెడ్ డిస్కుల్లో 2 నుంచి 6 టీబీ మోడళ్లు కొన్ని ఎస్‌ఎంఆర్ రకమని, ఆ సంగతి ముందుగా చెప్పలేదని బయటపడింది. వెస్టర్న్ డిజిటల్ ఒప్పుకొంది. తర్వాత పాత పద్ధతి డిస్కులను ‘రెడ్ ప్లస్’ పేరుతో వేరు చేసింది. అమెరికాలో వినియోగదారులు ఉమ్మడిగా వేసిన దావా 27 లక్షల డాలర్ల రాజీతో ముగిసింది.

ఇదే అమెరికాలో ఇంకో దావా ఓడిపోయింది. కంప్యూటర్‌లో పెడితే 1 టీబీ డిస్క్ 931 జీబీగా కనిపించడం చాలామంది ఎరిగిందే. తయారీదారు 1 జీబీని వంద కోట్ల బైట్లుగా లెక్కపెడతాడు, విండోస్ దాన్ని 107 కోట్ల పైచిలుకుగా లెక్కపెడుతుంది. ఇలాంటి తేడా మీద శాన్‌డిస్క్‌పై వేసిన కేసును 2020లో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టు కొట్టేసింది. కారణం, వంద కోట్ల బైట్ల లెక్క ప్యాకెట్ మీదే అచ్చయి ఉండడం.

ఈ రెండు దావాల తేడా మన దగ్గరా పనికొస్తుంది. ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచిన ప్రకటనను మన చట్టం సెక్షన్ 2(28) కింద తప్పుదోవ పట్టించే ప్రకటనగా చూస్తుంది. సరుకు నాణ్యత, ప్రమాణం తెలుసుకోవడం వినియోగదారుడి హక్కని సెక్షన్ 2(9) చెబుతోంది. అందుకే కొన్న రోజునే డబ్బాకు నాలుగువైపులా ఫొటో తీసుకోవాలి. ఆన్‌లైన్‌లో కొంటే ఆ పేజీని దాచుకోవాలి. అమ్మకందారు దాన్ని ఎప్పుడైనా మార్చేయొచ్చు.

కొత్తదని అమ్మింది నిజంగా కొత్తదేనా అన్నదీ అదే రోజు చూసుకోవాలి. వేల గంటలు వాడేసిన సీగేట్ డిస్కులు కొత్తవిగా అమ్ముడవుతున్నాయని 2025 ఆరంభంలో జర్మనీ టెక్ పత్రిక హైసే బయటపెట్టింది. వాటిలో మామూలు చిట్టా గంటలను సున్నాకు తిప్పేశారు. కాబట్టి గంటలు తక్కువగా ఉన్నంత మాత్రాన కొత్తదని తేలదు. కానీ ‘పవర్ ఆన్ అవర్స్’ ఎక్కువగా కనిపిస్తే మాత్రం ఆ రోజే ఫిర్యాదు పెట్టాలి. నమ్మశక్యం కాని చౌక ధరకు ‘16 టీబీ’ అని అమ్మే పోర్టబుల్ డిస్కుల్లో కొన్నింటి లోపల చిన్న మెమొరీ కార్డు తప్ప ఏమీ ఉండదు. అక్కడ వేగం కంటే ముందు పోయేది డేటా.

“మాకు సంబంధం లేదు” అంటే?

ఆ మాట చెల్లదు. లోపం ఉన్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, బిల్లులో గడువే లేకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకోననడాన్ని చట్టం అనుచిత వ్యాపార పద్ధతి అంటోంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే కోవలోకి వస్తుంది. “బిల్లు కావాలంటే జీఎస్టీ అదనం” అంటూ ఎంఆర్‌పీ దాటి అడిగితే అది మరో ఉల్లంఘన. ఎంఆర్‌పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. ఫిర్యాదులో దుకాణాన్నీ కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చవచ్చు. ఆన్‌లైన్ సంస్థయితే ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల లోపు పరిష్కరించాలి.

సర్వీస్ సెంటర్‌కు ఇచ్చేటప్పుడు రెండు జాగ్రత్తలు. వారంటీ డిస్క్‌కే కానీ అందులోని ఫొటోలకు సాధారణంగా ఉండదు. మార్చి ఇచ్చేది ఖాళీ డిస్క్‌ను. కాబట్టి కాపీ తీసుకున్నాకే, బ్యాంకు కాగితాల్లాంటివి చెరిపేశాకే ఇవ్వాలి. ఇచ్చినందుకు సీరియల్ నంబరు, సమస్య రాసిన రసీదు అడిగి తీసుకోవాలి. వారంటీ సాగాలంటే డిస్క్‌ను ఎక్కడా విప్పించకూడదు.

అక్కడా పని జరగకపోతే 1915కు ఫోన్ చేయాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది. ఫిర్యాదును కంపెనీకి పంపి, రాజీకి ప్రయత్నిస్తుంది. అదీ ఫలించకపోతే సమస్య, ఇప్పటిదాకా చేసిన ప్రయత్నాలు, కోరే పరిహారం రాసి 15 రోజుల గడువుతో నోటీసు పంపడం మంచిది. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. కొన్న ఊరు హైదరాబాదయినా, ఉంటున్నది శ్రీకాకుళమైతే శ్రీకాకుళంలోనే వేసుకోవచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. లాయర్ తప్పనిసరి కాదు. లోపం పరీక్ష లేకుండా తేలదనుకుంటే కమిషన్ వస్తువును ల్యాబ్‌కు పంపుతుంది, ఆ ఖర్చును మొదట ఫిర్యాదుదారు కట్టాల్సి రావొచ్చు. లోపం రుజువైతే బాగుచేయించమని, మార్చి ఇవ్వమని, డబ్బు తిరిగి ఇవ్వమని, నష్టపరిహారం చెల్లించమని ఆదేశించే అధికారం కమిషన్‌కు ఉంది.

వ్యాపారం కోసం కొన్నవారికి ఈ చట్టం వర్తించదు. కానీ తన కష్టం మీద బతికే పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ పని కోసం డిస్క్ కొంటే వర్తిస్తుంది. బతుకుతెరువు కోసం చేసుకునే స్వయం ఉపాధిని చట్టం వ్యాపారం లెక్కలోంచి మినహాయించింది.

చెల్లించిన ధర అయిదు లక్షల రూపాయల లోపుంటే కమిషన్‌లో ఫిర్యాదుకు ఫీజు లేదు. గొడవకు కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్లలోగా వేయాలి. బిల్లు, డబ్బా ఫొటో, వేగం రాసుకున్న కాగితం ఒకేచోట పెట్టుకుని ఈ వారమే 1915కు ఫోన్ చేయండి.