మైకు కొనే ముందు: ఇంట్లో పాట రికార్డు చేసేవారు చేయవలసినవి, చేయకూడనివి

ఒడిశాలోని జయపురంలో ఆకాశవాణి కేంద్రం 1964లో వచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు ఈ కొండల్లో ఒక గొంతు రికార్డు కావాలంటే అక్కడ ఆడిషన్‌లో నెగ్గాలి, లేదా రైలెక్కి విశాఖపట్నం వెళ్లి స్టూడియోకి గంటల లెక్కన డబ్బు కట్టాలి. ఇప్పుడు రాయగడలో ఇంటర్ చదివే అమ్మాయి కూడా పడగ్గదిలో కూర్చుని గిటార్ వాయిస్తూ పాడి, సాయంత్రానికి ఆ పాటను చుట్టాలందరికీ పంపుతోంది. ఎంతో మంచి మార్పు. కాకపోతే స్టూడియోలో వైరింగ్ చూసుకునే మనిషి ఒకరుండేవారు. ఇంట్లో ఆ పనీ మనదే.

తక్కువ ఖర్చులో ఏ మైకు కొనమంటారని అడిగేవాళ్లను నేను ముందు రెండు మాటలు అడుగుతాను. మీ ఇంటికి స్లాబా, రేకులా? మీ ప్లగ్గు పాయింటుకు ఎర్తింగ్ ఉందా? గోడకు కలిపి వాడే సామాన్లలో పెదవులకు తగిలేది మైకు ఒక్కటే. బ్రాండు సంగతి ఈ రెండింటికీ జవాబు దొరికాక చూడవచ్చు.

ముందు ఎర్తింగ్ చూపించండి

మైకు ఒళ్లంతా లోహం. అది కేబుల్‌లోని అల్లిక తీగ ద్వారా ఆడియో ఇంటర్‌ఫేస్‌కి (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె), అక్కణ్ణించి యూఎస్‌బీ తీగ ద్వారా కంప్యూటర్ డబ్బాకి, డబ్బా నుంచి మూడు పిన్నుల ప్లగ్గులో ఉండే లావు పిన్నుకి కలిసి ఉంటుంది. ఆ లావు పిన్ను నిజంగా భూమిలోకి వెళ్తే భయం లేదు. పాత ఇళ్లలో జరిగేది వేరు. సాకెట్ల ఎర్తు తీగలన్నీ ఒకదానితో ఒకటి కలిసే ఉంటాయి, గుంతలోకి దిగాల్సిన చివర మాత్రం తుప్పు పట్టి తెగిపోయి ఉంటుంది. అప్పుడు వంటింటి పక్క ఇస్త్రీపెట్టెలోనో, నూతి దగ్గర మోటారులోనో లీకైన కరెంటు భూమిలోకి పోయే దారి లేక, అదే తీగ వెంట మీ గదికి వచ్చి మైకు జాలీ దాకా చేరుతుంది. చేతిలో ఉన్నది పికప్ లేని మామూలు గిటారే అయినా, కాళ్లు తడి గచ్చు మీద ఉంటే పెదవి తగలగానే షాక్ కొడుతుంది. పికప్ ఉన్న గిటార్‌ను వేరే ఎర్తు ఉన్న ఆంప్లిఫయర్‌కు కలిపి ఉంటే తీగల మీద ఉన్న చెయ్యి రెండో దారి అవుతుంది, కరెంటు గుండె మీదుగా పోతుంది.

పెద్ద పెద్ద వాద్యకారులే ఇలా పోయారు. స్టోన్ ది క్రోస్ బృందంలో గిటార్ వాయించే లెస్ హార్వే 1972 మే 3న వేల్స్‌లోని స్వాన్సీలో ఎర్తింగ్ సరిగా లేని మైకును ముట్టుకుని వేదిక మీదే ప్రాణం విడిచాడు. యార్డ్‌బర్డ్స్ గాయకుడు కీత్ రెల్ఫ్ 1976లో సొంత ఇంట్లోనే, ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తూ షాక్‌తో చనిపోయాడు.

అందుకే మైకు ఆర్డరు పెట్టే ముందే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఫేజుకీ ఎర్తుకీ మధ్య ఎన్ని వోల్టులున్నాయో, న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య ఎన్ని ఉన్నాయో మీటరుతో చూపించమనండి. మొదటిది 230కి దగ్గరగా, రెండోది రెండు మూడు వోల్టుల్లో ఉండాలి. వీలైతే ఎర్త్ టెస్టరుతో గుంత రెసిస్టెన్సు కూడా కొలిపించండి. టెస్టర్ స్క్రూడ్రైవర్ వెలిగిందంటే ఫేజు ఉన్నట్టు మాత్రమే, ఎర్తింగ్ సంగతి దానివల్ల తెలియదు. కోరాపుట్ వైపు రాతి నేలలో కరెంటు భూమిలోకి తేలిగ్గా దిగదు. బొగ్గూ ఉప్పూ వేసి గుంత సరిగా తీయించి, వేసవిలో దాన్ని తడిగా ఉంచాలి. మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. లీకేజీ ఆ మేరకు చేరగానే కరెంటు కోసేస్తుంది. ఒక మోస్తరు మైకు ధరలోనే ఇది వచ్చేస్తుంది, ఇంటిల్లిపాదినీ కాపాడుతుంది.

లావు పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్లో దూర్చకండి. ప్లగ్గు లేని తీగల్ని అగ్గిపుల్లలతో సాకెట్లో బిగించకండి. రికార్డింగ్‌లో బుయ్‌మనే 50 హెర్ట్జ్ హమ్ వస్తోందని ఎర్తు తీగ పీకేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. ఎంత అనుభవం ఉన్నవాళ్లు చెప్పినా వినకండి. ఎర్తు పిన్నును న్యూట్రల్‌కి గానీ నీళ్ల గొట్టానికి గానీ కలపనివ్వకండి.

ల్యాప్‌టాప్ చార్జింగ్‌లో ఉండగా మైకు తగిలి పెదవి జివ్వుమంటే చాలామంది పట్టించుకోరు. రెండు పిన్నుల చార్జర్ల నుంచి వచ్చే కొద్దిపాటి లీకేజీ వల్ల అలా అనిపించవచ్చు, దాంతో ప్రాణాపాయం ఉండదు. అయితే ఆ జివ్వుమనడం చార్జరు వల్లో, మోటారు లీకేజీ వల్లో పెదవికి తెలియదు. వెంటనే ఆపి, తీగ గోడ నుంచి తీయండి.

దీనికి పైసా ఖర్చు లేని ఉపాయం ఉంది. ల్యాప్‌టాప్‌ను ముందే నిండా చార్జి చేసి, పాడేటప్పుడు చార్జరు తీసేయండి. యూఎస్‌బీతోనే నడిచే ఇంటర్‌ఫేస్, చెవులకు హెడ్‌ఫోన్స్, అంతే. స్పీకర్లు గానీ టీవీ తీగ గానీ కలపకూడదు, కలిపితే మళ్లీ గోడ కరెంటుతో సంబంధం వచ్చేస్తుంది. ఫోనుతో రికార్డు చేసేవారికీ ఇదే పద్ధతి. ప్రమాదం పోతుంది, హమ్ కూడా చాలావరకు పోతుంది.

ఏ మైకు?

రేకుల ఇల్లు, రోడ్డు పక్క ఇల్లు అయితే డైనమిక్ మైకు తీసుకోండి. షూర్ కంపెనీ ఎస్ఎం57 (1965), ఎస్ఎం58 (1966) ఈ జాతిలో పేరున్నవి. వీటికి బయటి కరెంటు అక్కర్లేదు, తేమకు ఓర్చుకుంటాయి, నోటికి దగ్గరగా పెట్టుకుని పాడతాం కాబట్టి పక్కింటి మిక్సీ మోత వెనక్కి పోతుంది. గిటార్ దగ్గరే వీటికి ఇబ్బంది. మెల్లగా మీటే గిటార్‌కి ఇంటర్‌ఫేస్ గెయిన్ బాగా పెంచాలి, చవక ఇంటర్‌ఫేస్‌లో అంత పెంచితే బుస్‌మనే శబ్దం పైకి వస్తుంది. అంకెల్లో చూడండి: ఒకే శబ్దానికి ఎస్ఎం58 ఇచ్చేది సుమారు 1.85 మిల్లీవోల్టులు, ఆడియో-టెక్నికా వారి ఏటీ2020 అనే చిన్న కండెన్సర్ ఇచ్చేది సుమారు 14.1. ఏడున్నర రెట్లు తేడా.

స్లాబు ఇల్లు, రాత్రిపూట నిశ్శబ్దంగా ఉండే గది ఉంటే ఏటీ2020 లాంటి కండెన్సర్ గొంతుకీ గిటార్‌కీ రెంటికీ సరిపోతుంది. రెండు మైకులు కొననక్కర్లేదు. ముందు గిటార్, తర్వాత గొంతు రికార్డు చేసుకోవచ్చు. గిటార్‌కి పన్నెండో ఫ్రెట్ ఎదురుగా జానెడు దూరంలో పెట్టండి, సౌండ్ హోల్‌కి సూటిగా పెడితే గుయ్‌మంటుంది. గొంతుకీ జానెడు దూరం, మధ్యలో పాప్ ఫిల్టర్.

కండెన్సర్‌కు 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి. ఆ అంకె చూసి కంగారు పడకండి, 6.8 కిలో ఓమ్‌ల రెసిస్టర్ల గుండా వచ్చే ఆ కరెంటు చాలా స్వల్పం. చేయవలసిందల్లా వరస తప్పకపోవడం: గెయిన్ పూర్తిగా తగ్గించి, మైకు కలిపి, ఆ తర్వాత ఫాంటమ్ వేయాలి. తీసేటప్పుడు ముందు ఫాంటమ్ ఆపి కాసేపు ఆగాలి. హెడ్‌ఫోన్స్ చెవులకు ఉండగా వరస తప్పితే ఫట్‌మనే శబ్దం నేరుగా చెవిలో పేలుతుంది. రిబ్బన్ మైకుకు ఫాంటమ్ అసలు వేయకండి.

బీఎం-800 పేరుతో వచ్చే అతి చవక కండెన్సర్లు నేను కొనమనను. వాటిని ఇయర్‌ఫోన్ రంధ్రంలో పెట్టి వాడేయవచ్చని అమ్ముతారు. ఆ రంధ్రంలో 48 వోల్టులు ఉండవు, గొంతు సన్నగా, బుసతో వస్తుంది. దాని బదులు మంచి యూఎస్‌బీ మైకు ఒకటి నయం. ఎస్ఎం58కి నకిలీలు ఎక్కువ. సగం ధరకే కొత్త మైకు అంటే అనుమానించి, అధీకృత డీలరు దగ్గర బిల్లు, వారంటీ కార్డుతోనే కొనండి. మైకుతో ఫాంటమ్ డబ్బా, దానికో అడాప్టర్ ఉచితమంటే ఆ అడాప్టర్ మీద బీఐఎస్ రిజిస్ట్రేషన్ గుర్తు ఉందో లేదో చూడండి. గుర్తు లేని అడాప్టర్ గోడకు పెట్టకండి.

వాన, పిడుగు

ఒడిశా ప్రభుత్వం పిడుగుపాటును రాష్ట్ర స్థాయి విపత్తుల జాబితాలో చేర్చింది. కొండల మీద వేసవి మధ్యాహ్నాలు ఎలా ఉంటాయో ఇక్కడివారికి చెప్పాలా? మొదటి ఉరుము వినగానే పాట ఆపి, ప్లగ్గులు గోడ నుంచి ఊడదీయండి. స్విచ్చి ఆపితే చాలదు. ఇంటర్నెట్ తీగ, డిష్ తీగ కూడా కంప్యూటర్ నుంచి తీసేయాలి. వాన నెత్తిమీదికి వచ్చాక, పిడుగులు పడుతుండగా మాత్రం తీగల జోలికి వెళ్లకండి, తీగ ఉన్న హెడ్‌ఫోన్స్ పెట్టుకోకండి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగండి. రేకుల మీద వాన పడుతుంటే ఎలాగూ రికార్డింగ్ సాగదు.

వానాకాలంలో గచ్చు చెమ్మగిల్లుతుంది. ఉత్త కాళ్లతో దాని మీద నిలబడి పాడకండి. చెక్క బల్ల మీదో, పొడి రబ్బరు పట్టా మీదో కూర్చోండి. కండెన్సర్‌లోకి తేమ చేరితే చిటపటలు వస్తాయి. పని కాగానే సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టండి. పూజ గదిలో దాచకండి, అగరుబత్తి పొగ, కర్పూరం మసి లోపలి పల్చటి పొర మీద పేరుకుంటాయి.

మూసిన గది

బయటి చప్పుడు రాకూడదని కిటికీ సందులకు గుడ్డలు కుక్కుతారు. సిమిలిగుడ, పొట్టంగి వైపు చలికాలంలో అదే గదిలో బొగ్గుల కుంపటి కూడా పెడతారు. ఈ రెండూ కలిస్తే మనుషులు పోతారు. కుంపటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మత్తు వస్తాయి, పాడి పాడి అలసట వచ్చిందనుకుంటారు. పాడే గదిలో కుంపటి వద్దు. ఎంత చలైనా వద్దు. స్వెటర్ వేసుకోండి, పాటకూ పాటకూ మధ్య తలుపు తీయండి.

గోడలకు కోడిగుడ్ల అట్టలు, థర్మోకోల్, చవక ఫోమ్ అంటించకండి. గుడ్ల అట్టలు బయటి చప్పుడును ఆపలేవు, నిప్పు మాత్రం ఇట్టే అంటుకుంటాయి. 2003లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో స్టేషన్ నైట్‌క్లబ్‌లో బాణసంచా నిప్పురవ్వలు గోడల ఫోమ్‌కు అంటుకుని 100 మంది చనిపోయారు. మన ఇళ్లలో దీపం, అగరుబత్తి, దోమల చుట్ట ఎప్పుడూ వెలుగుతుంటాయి. గాయకుడి వెనక దండెం మీద రెండు బొంతలు వేలాడదీసి, పాట అయ్యాక తీసేయండి. ప్రతిధ్వని తగ్గడానికి అవి చాలు. దీపాలు మాత్రం వాటికి దూరంగా, వీలైతే వేరే గదిలో.

చెవులు

పాట తేలిపోతోందనిపించినప్పుడల్లా హెడ్‌ఫోన్స్ సౌండు పెంచడం అలవాటైపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినవచ్చు, 90 అయితే 4 గంటలే. చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్ కొనండి. తక్కువ సౌండుకే పాట వినిపిస్తుంది, ఆ చప్పుడు మైకులోకీ పోదు. మైకు ఆన్‌లో ఉండగా స్పీకర్లు పెట్టకండి. పాట అయ్యాక చెవుల్లో కీచుమంటే ఆ రోజుకు ఆపేయండి.

షాక్ కొడితే

మనిషిని పట్టుకోకండి. మెయిన్ ఆపండి. అది అందకపోతే పొడి కర్రతోనో, ప్లాస్టిక్ కుర్చీతోనో మైకును, తీగను పక్కకు నెట్టండి. ఊపిరి ఆడకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులూ పెట్టి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి, మరొకరిని ఫోను చేయమనండి. మెయిన్ స్విచ్చి ఎక్కడుందో ఇంట్లో పదేళ్లు దాటిన ప్రతి పిల్లకూ చూపించి ఉంచండి. అంబులెన్సుకు ఒడిశాలోనైనా ఆంధ్రలోనైనా నంబరు 108.